ట్రూడె కంట్లో లేని గింజ

బేర్స్ట్, బెల్జియం, 8 జనవరి 2019

ఆనెలోర్ తల్లీ,

ముందు క్షేమసమాచారాలు రాయమని మీ అత్తయ్య జెర్మేన్ నా వెనకే నిలబడి పోరుతోంది. నేను క్షేమంగా లేను. ఆ ముచ్చట అంతటితో అయిపోయింది.

నువ్వు నాకు వదిలేసి వెళ్లిన కెమెరా గురించి రాద్దామని కూర్చున్నాను. పదకొండేళ్ల కింద దుకాణంలో అన్నిటికన్నా చవకది ఏదని అడిగి మరీ తెచ్చావు. చదువుకునే పిల్లవి, నిన్నేమీ అనను. దాన్ని తయారుచేసిన మహానుభావుడు ఎదురైతే మాత్రం ఊరికే వదలను. కుడిచేతి పట్టు మీది రబ్బరు ముందు తెల్లబడింది, తర్వాత బంక సాగింది, ఇప్పుడు ఊడొచ్చి వేళ్లకు అంటుకుంటోంది. సైకిల్ ట్యూబు అతికే జిగురు పూస్తే రెండు రోజులు నిలిచింది. బ్యాటరీ మూత ఊడిపోతుంటే జెర్మేన్ ఊరగాయ సీసాలకు వేసే రబ్బరు బ్యాండు వేశాను. వెనకున్న చక్రం తిప్పితే అంకె పెరుగుతుందో తగ్గుతుందో దాని ఇష్టం. ఫోకస్‌కి తొమ్మిది చుక్కలున్నాయి, పనిచేసేది నడిమి చుక్క ఒక్కటే. బటన్ నొక్కగానే లోపలి అద్దం టప్పుమని లేస్తుంది. ఆ చప్పుడుకి పక్షి తల తిప్పేస్తుంది. కన్ను తీయబోతే చెవి దగ్గరి ఈకలు వస్తాయి. ఛీ, ఒక చేతిలో పావురం, ఒక చేతిలో ఈ దరిద్రం, మధ్యలో నా దగ్గు.

దగ్గు సంగతి డాక్టరమ్మ తేల్చేసింది. నా ఊపిరితిత్తుల్ని తినేసింది పావురాల ఈకల పొడేనట. యాభై ఏళ్లు పీల్చాను కదా. ఇకమీద గూట్లో అడుగు పెట్టకూడదు, ఇంట్లో ఒక్క పక్షి కూడా ఉండకూడదు అంది. ఈస్టర్‌కి ముందే అన్నిటినీ వేలానికి పెడుతున్నాను. మొత్తం నలభై ఆరు. వేలంవాళ్లకు ఒక్కోదానివి రెండు ఫోటోలు కావాలి. నిలబడినది ఒకటి, కుడి కన్ను దగ్గరగా తీసినది ఒకటి. కంట్లో గింజ కనబడి తీరాలి. ఓడీల్ పావురం అంటే ఆ గింజే కదా! కంటిపాప కింద, గడియారంలో ఐదు గంటల చోట, ఆవగింజలో సగం ఉండే నల్ల మచ్చ. దాన్ని మొదట పట్టింది నీ కెమెరాయే. పావురాల క్లబ్బులోని మన మౌరిట్స్ దాని మీద క్లబ్బు పత్రికలో నాలుగు పేజీలు రాశాడు. నా భూతద్దానికి అది ఏనాడూ ఆనలేదు. మౌరిట్స్ భూతద్దానికి మాత్రం బ్రహ్మాండంగా ఆనుతుందట.

అసలు విషయం ఇది. నువ్వు డెన్మార్క్ వెళ్లిన ఈ రెండేళ్లలో గింజ తగ్గిపోతోంది. ఈసారి ఆరు పక్షుల్లో లేదు. అందులో ట్రూడె ఒకటి, దాని కన్ను తీయడం ఇదే మొదలు. పోయినేడాది ఫ్రాన్సులోని బ్రీవ్ నుంచి ఇంటికి ఎగిరే పోటీకి పద్నాలుగు పక్షుల్ని పంపాను. కుండపోత వాన. ఆ రోజు పొద్దు వాలేలోగా ఇల్లు చేరింది అదొక్కటే. మిగతావి రెండు రోజులకీ మూడు రోజులకీ వచ్చాయి, నాలుగు అసలు రాలేదు. అలాంటి దాని కంట్లో గింజ లేదంటే నమ్మబుద్ధి కాక నాలుగుసార్లు తీశాను. లేదు. గింజ లేని పక్షి నా నంబరున్న కాలి ఉంగరంతో ఊరి మీద పడితే నా పేరు మట్టి కొట్టుకుపోతుంది. ఇదివరకటి వాటిలాగే దాన్నీ కీయెమ్ ఊళ్లోని రైతు దగ్గరికి పంపేయాలి. 26వ తేదీ శనివారం అనుకున్నాను.

ఫోటో జత చేశాను. లోపం కెమెరాదా, ట్రూడెదా? ఆ పెట్టె సంగతి నీకంటే తెలిసినవాళ్లు లేరు. నీ మాట ప్రకారమే నడుస్తాను. ఫోన్ చేస్తే నాకు వినబడి చావదు, ఉత్తరమే రాయి.

మీ మామయ్య
ఓడీల్

ఓడెన్సె, 13 జనవరి 2019

మామయ్యా,

నీ ఉత్తరం చదువుతూ బస్సులో గట్టిగా నవ్వాను. పక్కనున్న ముసలాయన లేచి వేరే సీట్లోకి వెళ్లిపోయాడు. ఇక్కడ బస్సులో నవ్వితే జబ్బనుకుంటారు.

డాక్టరమ్మ మాట విను. నలభై ఆరింటినీ పంపేయడం అంటే నీకు ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే దాని గురించి ఎక్కువ రాయను. నువ్వు గూట్లోకి వెళ్లకుండా అత్తయ్య తాళం వేస్తోందా? వేయమని చెప్పు.

నేను పూలకుండీల నర్సరీలోనే ఉన్నాను. చలికాలమంతా గాజుగదుల్లో చెమటలు, బయటికొస్తే వణుకు. కేటలాగుకి ఆర్కిడ్‌ల ఫోటోలు తీసే పని కూడా నాకే అంటగట్టారు. కొత్త కెమెరా ఇచ్చారు. అందులో లేచే అద్దమే లేదు, చప్పుడు లేదు. మన పాతదాంతో తీసినప్పుడు ఫోటో తీశానని చేతికి తెలిసేది. దీంతో ఏం తీశానో ఇంటికొచ్చాక తెలుస్తుంది. నువ్వు తిడతావు గానీ, ఆ పెట్టె పదకొండేళ్లలో ఒక్కసారి కూడా మరమ్మతుకి పోలేదు.

ట్రూడె ఫోటో చూశాను. చాలా బాగుంది, కన్ను కొంచెం కిందికి జరిగింది, అంతే. ఆ ఫోటోని పట్టుకుని దాని మీద తీర్పు చెప్పకు మామయ్యా. ఆ కెమెరా లోపల దుమ్ముంది. ఎన్నో ఏళ్లుగా ఉంది. దుమ్మున్న కెమెరా ఫోటోలు కొన్ని విషయాల్లో నమ్మదగ్గవి కావు. ట్రూడె మంచి పక్షి. దాన్ని రైతుకి ఇవ్వకు, వేలంలోనే పెట్టు. ఈ ఒక్కసారికి నా మాట విను.

అత్తయ్యకి ముద్దులు. తను పంపిన అల్లం బిస్కెట్లు మా సూపర్‌వైజరే సగం తినేసింది.

నీ మేనకోడలు
ఆనెలోర్

బేర్స్ట్, 18 జనవరి 2019

ఆనెలోర్,

దుమ్మా? నా గూట్లో దుమ్మా? రోజుకి రెండుసార్లు గీకి, వారానికోసారి సున్నం కొట్టిన గూడు అది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అత్తయ్య మొహం కందగడ్డ అయింది. పదకొండేళ్లు లేని దుమ్ము ఇప్పుడు, నేను మంచాన పడబోతుంటే బయటపడిందా? డాక్టరమ్మ దుమ్మంటుంది, నువ్వు దుమ్మంటావు. ఇక నన్నే మూటగట్టి చెత్తబండిలో వేయండి.

అయినా నీ మాట తీసేయలేదు. కెమెరాని పెరట్లోకి తెచ్చి, వెనిగర్ అద్దిన గుడ్డతో సందుసందునా తుడిచాను. లెన్సు ముందు, వెనక, కంటి దగ్గరి కిటికీ, అన్నీ. బంక చేతులకే అంటింది. గింజని దుమ్ము కప్పేసిందేమోనని ట్రూడెని మళ్లీ తీశాను. లేదు. అదే కెమెరా, అదే దుమ్ము, మిగతా నలభై పక్షులకీ గింజ కనబడుతోంది, దీనికి లేదు. మరి తప్పెవరిది? పక్షిదే.

మౌరిట్స్ వచ్చి చూశాడు. అతను చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఓడీల్, పోటీలో గెలుపు ఒక్క ఎండాకాలం మాట. కంట్లో ఉండేది జాతి. అది వచ్చింది వాన అదృష్టంతో. దీన్ని కేటలాగులో పెట్టావో, మిగతా నలభై కూడా అనుమానం పక్షులే." వాడి వేళ్లకి ఎప్పుడూ ఉప్పు చేప కంపు, వాడంటే నాకు పడదు. కానీ ఈ మాట మాత్రం సబబే అనిపించింది.

ఇంకో సంగతి. నువ్వు రైతుకి ఇవ్వొద్దు అన్నావు చూడు, నాకు నవ్వొచ్చింది. ఏ రైతమ్మా? నువ్వు వెళ్లేనాటికి ముప్పై ఏళ్ల ఆడమనిషివి, ఇంకా నమ్ముతున్నావా! కీయెమ్‌లో ఏ రైతూ లేడు. నువ్వు పక్షుల్ని ముద్దాడే పిల్లవని అలా చెప్పేవాణ్ణి. గింజ లేనివి జెర్మేన్ సూపుకుండలోకే వెళ్లాయి. క్లబ్బులో ప్రతివాడి ఇంట్లోనూ అంతే. మెడ ఒక్క తిప్పు తిప్పితే చాలు, నొప్పి ఉండదు.

శనివారం ఆరింటినీ తీసేస్తాను. ట్రూడెని చివర. ఇది నాకు ఇష్టం లేని పని అని నీకు ఒక్కదానికే రాస్తున్నాను.

మామయ్య

ఓడెన్సె, 23 జనవరి 2019

మామయ్యా,

ఆగు. ఇది చదివే క్షణంలో ఏ పని చేస్తున్నా ఆపేయి. ట్రూడెని ముట్టుకోకు. ఏ పక్షినీ ముట్టుకోకు. ఎక్స్‌ప్రెస్‌లో వేస్తున్నాను, శుక్రవారానికి అందుతుందని పోస్టాఫీసులో అన్నారు.

దుమ్ము గింజని కప్పేయలేదు. దుమ్మే గింజ.

అర్థమయ్యేలా రాస్తాను. కెమెరా లోపల, ఆ లేచే అద్దం వెనకాల, ఫోటో పడే పలక ఉంటుంది. అక్కడికి గుడ్డ చేరదు. 2012 వసంతంలో, కన్ను దగ్గరగా రావడానికి లెన్సుకీ కెమెరాకీ మధ్య ఒక రింగు తొడిగాను గుర్తుందా? బయటికి వెళ్లి తొడగాల్సింది. బద్ధకించి గూట్లోనే లెన్సు ఊడదీశాను. పక్షులు రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఆ పొడి ఒక రేణువు లోపలికి పోయి పలకకి అతుక్కుంది. కొంచెం ఖరీదైన కెమెరాలు దాన్ని వాటంతటవే దులిపేసుకుంటాయి. మనదానికి ఆ ఏర్పాటు లేదు. అప్పటి నుంచి తీసిన ప్రతి ఫోటోలో, ఒకే చోట, ఆ మచ్చ పడుతోంది. ఆకాశం తీసినా పడుతుంది. కన్ను సరిగ్గా మధ్యలో పెడితే అది ఐదు గంటల చోట పడుతుంది. కన్ను కొంచెం కిందికి జరిగితే ఆ మచ్చ నల్లటి కంటిపాపలో కలిసిపోతుంది, కనబడదు. పక్షి తల తిప్పితే ఈకల్లో కలుస్తుంది. నీకు దగ్గొచ్చి చెయ్యి కదిలిన ప్రతిసారీ ఒక పక్షి "గింజ లేనిది" అయింది. జాతి తగ్గలేదు మామయ్యా. నీ చెయ్యి వణికింది, అంతే.

నమ్మకపోతే ఒక తెల్ల కాగితం గోడకి అంటించి దాన్ని ఫోటో తీయి. కాగితానికీ గింజ ఉంటుంది.

నీకు ఎలా తెలుసని అడుగుతావు. నాకు ఆ సాయంత్రమే తెలుసు. కంప్యూటర్‌లో చూడగానే తెలిసింది. ఆ వారం తీసిన మిగతా ఫోటోలన్నిట్లో మచ్చ తుడిపేశాను. కళ్ల ఫోటోలు తుడిపేలోగా నువ్వు వచ్చి నా భుజం మీంచి తొంగిచూసి "ఇదేంటి! ఇదేంటి!" అని కేకలు పెట్టావు. జెనీవర్ సారా సీసా తెరిచావు. మౌరిట్స్‌ని పిలిచావు. నీ మొహం అంత వెలిగిపోవడం నేను చూడలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. తర్వాత ఆయన వ్యాసం వచ్చింది. ఆ తర్వాత ఎలా చెప్పను? పైగా కన్ను ఎక్కడ పెడితే మచ్చ ఐదు గంటల చోట పడుతుందో చూసుకుని మరీ తీశాను, ఐదేళ్లు. నువ్వు సంతోషిస్తావని. ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను. అప్పుడప్పుడూ ఒకటి తప్పితే రైతు దగ్గర హాయిగా ఉందనుకున్నాను.

నా మీద నాకే రోత పుడుతోంది. నన్ను ఏమన్నా అను, ముందు శనివారం పని ఆపు.

ఆనెలోర్

బేర్స్ట్, 28 జనవరి 2019

ఉత్తరం ఈ రోజు అందింది. సోమవారం.

ట్రూడె శనివారం పోయింది. దాన్ని చివరే తీసేశాను. చేతిలోకి తీసుకుంటే గింజలేమైనా పెడతానేమోనని నా వేలు పొడిచింది.

సూపు నేను ముట్టలేదు. మౌరిట్స్ రెండు గిన్నెలు తాగి, మూతి తుడుచుకుని, లేత మాంసం అన్నాడు.

గోడకి కాగితం అంటించి ఫోటో తీశాను. ఉంది.

ఓడీల్

ఓడెన్సె, 2 ఫిబ్రవరి 2019

మామయ్యా,

మూడు కాగితాలు చింపేశాను. ఏం రాసినా నన్ను నేను వెనకేసుకొచ్చినట్టే ఉంది.

ఒక్కటి చెప్పకుండా ఉండలేను. 23న, ఆ ఉత్తరం రాసే ముందు, మీ ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య ఎత్తింది. "హలో, ఎవరు?" అని మూడుసార్లు అంది. పెట్టేశాను. అత్తయ్యకి చెబితే తను నీకు చెప్పేది, నువ్వు ఆగేవాడివి. నోరు రాలేదు. కాగితం మీదైతే నీ మొహం చూడక్కర్లేదు కదా. ఎక్స్‌ప్రెస్ గురించి పోస్టాఫీసులో అడిగిన మాట నిజమే, కానీ ఆ కిటికీలో ఉన్నామె "శుక్రవారానికి అందొచ్చు" అంది. నేను "అందుతుంది" అని రాశాను.

సెలవు దొరికింది. రమ్మంటే వస్తాను. వేలంవాళ్లకి నేనే రాసి జరిగింది చెబుతాను. వద్దంటే ఊరుకుంటాను.

ఆనెలోర్

బేర్స్ట్, 8 ఫిబ్రవరి 2019

ఆనెలోర్,

మొన్న ఆదివారం క్లబ్బుకి వెళ్లాను. కెఫే వెనక గదిలో పన్నెండుమంది ఉన్నారు. నీ కెమెరా, కాగితం ఫోటో, బుట్టలో ఒక మగ పావురం తీసుకెళ్లాను. రాత్రంతా ఏం చెప్పాలో అనుకుంటూ పడుకున్నాను గానీ, తీరా నిలబడ్డాక రెండు ముక్కలే వచ్చాయి. "గింజ లేదు. అది నా గూటి దుమ్ము, కెమెరా లోపలికి పోయింది."

అప్పుడు మౌరిట్స్ లేచి నా భుజం తట్టాడు. "ఓడీల్, నీకు మందులు పడటం లేదు" అన్నాడు. నేను కాగితం ఫోటో చూపించాను. "కాగితం మీద మచ్చ ఉంటే పక్షి కంట్లో ఉండకూడదని ఎక్కడుంది?" అన్నాడు. బుట్టలోంచి పక్షిని తీసి, భూతద్దం పెట్టి, "ఇదిగో, ఐదు గంటల చోట! ఎంత స్పష్టంగా ఉందో!" అన్నాడు. భూతద్దం చేతులు మారింది. ఒకడి తర్వాత ఒకడు చూశారు. ఏడుగురు చూశామన్నారు ఆనెలోర్! యాభై ఏళ్లు పక్షుల్ని పెంచిన మగాళ్లు, లేనిదాన్ని చూసి తలలూపారు. ఏడేళ్లూ నేను చేసిందీ అదే కదా. నా భూతద్దంలో లేదని నా కళ్లకి తెలుసు. కళ్లని కాదని ఆ పెట్టెని నమ్మాను, ఎందుకంటే అది నన్ను గొప్పవాణ్ణి చేసింది.

వాళ్లలోంచి కమీల్ అడిగాడు, "దుమ్మే అయితే ఓడీల్, గింజ ఉన్నవే ఎందుకు గెలిచాయి మరి? లేనిది ఒక్కటన్నా గెలిచిందా?"

"లేనివాటి మెడలు, గెలిచిన ట్రూడెదీ కలిపి, నేను విరిచేశాను కదరా గాడిదా!" అన్నాను.

ఎంతమంది తమ గూళ్ల గురించి ఆలోచించారో నాకు తెలియదు. వాళ్లలో నలుగురు నా పక్షుల పిల్లల్ని కొనుక్కుని, భూతద్దంలో గింజ కనబడక వాటినీ తీసేశారు. ఆ మాట ఒక్కడూ పైకి అనలేదు. మౌరిట్స్ మాత్రం కాసేపయ్యాక నా చెవి దగ్గరికొచ్చి మెల్లిగా అడిగాడు, "అది సరే, ఆ కెమెరా ఎవరికిస్తున్నావు?" థూ. వాడి మొహం మీద ఉమ్మలేదు, అది ఒక్కటే తక్కువ. బుట్ట తీసుకుని వచ్చేశాను.

నా పుస్తకంలో తీసేసిన పక్షులకి అడ్డగీత ఉంటుంది. 2012 నుంచి లెక్కపెట్టాను. డెబ్బై మూడు. నువ్వు ఉన్న ఐదేళ్లలో పంతొమ్మిది, నువ్వు వెళ్లాక, నా చెయ్యి వణకడం మొదలయ్యాక, యాభై నాలుగు. ప్రతి దాని తల్లీతండ్రీ నాకు గుర్తున్నాయి.

వేలంవాళ్లకి కన్ను ఫోటోలు ఇవ్వనన్నాను. కన్ను లేకపోతే వేలం లేదన్నారు. సరే వద్దన్నాను. నలభై పక్షులూ ఇక్కడే ఉన్నాయి. జెర్మేన్ మూతికి గుడ్డ కట్టుకుని మేత వేస్తోంది, రోజూ నన్ను తిడుతోంది. ఎవరైనా పక్షిని పక్షిలా చూసి తీసుకెళ్లేవాళ్లు వస్తే ఊరికే ఇచ్చేస్తాను. ఇప్పటికి ఇద్దరు వచ్చారు. ఇద్దరూ ముందు కన్నే చూశారు.

ఇక నీ సంగతి. నువ్వు దుమ్ము సంగతి దాచడం నాకు కోపం తెప్పించింది, కానీ అది నాకు అర్థమవుతుంది. నన్ను సంతోషపెట్టడానికి అబద్ధం ఆడావు. నేనూ నీకు రైతు కథ చెప్పాను. అక్కడికి అక్కడికి సరిపోయింది. ఫోన్ పెట్టేయడం మాత్రం నాకు మింగుడు పడటం లేదు. నాకు చెవుడు, మీ అత్తయ్యకి కాదు. "ట్రూడెని ఆపండి" అంటే రెండు మాటలు. నీ ఉత్తరం చదివి జెర్మేన్ ఏడ్చింది. "హలో హలో అని అరిచానయ్యా, ఆ పిల్ల అవతల ఊపిరి పీలుస్తూనే ఉంది" అంది. అది నాకు రోత పుట్టించింది. ఆనెలోర్ మీద రోత పుడుతుందని నేను ఏనాడూ అనుకోలేదు. దాచుకోలేక రాస్తున్నాను.

పక్షిని చంపింది నా చెయ్యి. అది నీ మీదికి నెట్టను. క్లబ్బులో కూడా నేనే చంపానని చెప్పాను. నీకు ముందే తెలుసన్న మాట మాత్రం చెప్పలేదు. అందుకే వాళ్లు నాకు మతి పోయిందని అనుకుంటున్నారు. ఫోటోలు తీసినది నువ్వు. నువ్వు నిలబడి చెబితే వాళ్లు నమ్మక తప్పదు. లేకపోతే ఈ ఎండాకాలం ఇంకొన్ని గూళ్లలో గింజ లేని పిల్లల్ని తీసేస్తారు, నా పక్షుల పిల్లల్నే.

నీకు ముందే తెలుసన్నది నా నోటితో చెప్పాల్సిన మాట కాదు. వచ్చే సమావేశం మార్చి మూడు, ఆదివారం, ఉదయం పది గంటలకి. పన్నెండుమందీ ఉంటారు, మౌరిట్స్ కూడా. నువ్వు వస్తావో రావో ఉత్తరం రాయకు. ఫోన్ చేసి మీ అత్తయ్యకి చెప్పు.

ఓడీల్